విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో వ్యక్తిగత రక్షణ సామగ్రి

విశ్వవిద్యాలయాల పరిశోధనా ప్రయోగశాలల్లో పనిచేసేవారు రసాయనాలు, సూక్ష్మజీవులు, వికిరణం, మంట, అతిశీతల ద్రవాలు మొదలైన వాటి వలన కలిగే హాని నుండి శరీరాన్ని కాపాడుకోవడానికి ధరించే దుస్తులను, పరికరాలను వ్యక్తిగత రక్షణ సామగ్రి అంటారు. రక్షణ కళ్ళద్దాలు, ముఖ కవచం, ప్రయోగశాల కోటు, చేతి తొడుగులు, రెస్పిరేటర్, మూసిన బూట్లు వీటిలో ముఖ్యమైనవి. ఆంగ్ల పదాల మొదటి అక్షరాలను కలిపి దీనిని పీపీఈ అని కూడా వ్యవహరిస్తారు. 2020లో కోవిడ్-19 వ్యాప్తి సమయంలో "పీపీఈ కిట్" అనే మాట తెలుగు పత్రికల ద్వారా సామాన్య ప్రజలకు కూడా పరిచయమైంది. అంతకు చాలాకాలం ముందు నుండే ఈ సామగ్రి ప్రయోగశాలల్లో వాడుకలో ఉంది.

ఈ సామగ్రి ప్రమాదాన్ని ఆపదు. ప్రమాదం జరిగినపుడు దాని ప్రభావం మనిషి శరీరంపై పడకుండా అడ్డుకోవడం, లేదా తగ్గించడం మాత్రమే దీని పని. అందువలన ఎదురయ్యే హానికి తగిన సామగ్రిని ఎంచుకోవడం, ప్రయోగశాలలో ఉన్నంతసేపూ దానిని ధరించడం అనే రెండు విషయాలపైనే దీని ప్రయోజనం ఆధారపడి ఉంటుంది.

విశ్వవిద్యాలయ ప్రయోగశాలల ప్రత్యేకత

కర్మాగారంలో ఒకే పనిని ఒకే పద్ధతిలో ఏళ్ళ తరబడి చేస్తారు. కాబట్టి అక్కడ ఏ పనికి ఏ రక్షణ కావాలో ముందుగానే నిర్ణయించవచ్చు. పరిశోధనలో ఇది అంత సులభం కాదు. ప్రయోగం తరచు మారుతుంది, కొత్త పదార్థాలు తయారవుతాయి, వాటి స్వభావం తయారుచేసినవారికే పూర్తిగా తెలియకపోవచ్చు. పనిచేసేవారిలో ఎక్కువమంది విద్యార్థులు. వారు కొద్ది సంవత్సరాలలో చదువు ముగించి వెళ్ళిపోతారు, వారి స్థానంలో అనుభవం లేని కొత్తవారు వస్తారు. రాత్రివేళల్లోనూ సెలవుదినాల్లోనూ ఒంటరిగా పనిచేయడం కూడా మామూలే. ఈ కారణాల వలన విశ్వవిద్యాలయ ప్రయోగశాలల్లో రక్షణ సామగ్రి వాడకం చాలావరకు వ్యక్తుల అలవాటుపైనా, ఆ బృందానికి నాయకత్వం వహించే ఆచార్యుని పట్టుదలపైనా ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

తొలినాటి రసాయన శాస్త్రవేత్తలు ఎటువంటి రక్షణ లేకుండానే పనిచేసేవారు. ఫ్రెంచి శాస్త్రవేత్త పియర్ లూయీ దులాంగ్ 1811లో నైట్రోజన్ ట్రైక్లోరైడ్‌ను కనుగొన్నాడు. ఆ పదార్థం పేలిన సంఘటనలలో అతడు ఒక కంటిని, రెండు వేళ్ళను కోల్పోయాడు. అదే పదార్థం వలన 1812లో హంఫ్రీ డేవీ కంటికి గాయమైంది. జర్మనీకి చెందిన రాబర్ట్ బున్సెన్ కూడా ఆర్సెనిక్ సమ్మేళనాలపై పరిశోధన చేస్తూ పేలుడులో ఒక కంటి చూపును కోల్పోయాడు.

రబ్బరు చేతి తొడుగుల చరిత్ర ఆసుపత్రిలో మొదలైంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో శస్త్రచికిత్సకుడు విలియం హాల్‌స్టెడ్ వద్ద పనిచేసిన నర్సు కారొలైన్ హాంప్టన్ చేతులు క్రిమిసంహారకంగా వాడే మెర్క్యురిక్ క్లోరైడ్ వలన దెబ్బతిన్నాయి. ఆమె కోసం హాల్‌స్టెడ్ 1889-90 ప్రాంతంలో గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీ చేత పలుచని తొడుగులు చేయించాడు. అంటే ఆ తొడుగులు మొదట రోగిని సూక్ష్మక్రిముల నుండి కాపాడటానికి కాక, ధరించిన వ్యక్తి చేతులను రసాయనం నుండి కాపాడటానికి పుట్టాయి.

అమెరికాలో 1970లో వృత్తిపర భద్రత, ఆరోగ్య చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ప్రయోగశాలల్లోని ప్రమాదకర రసాయనాలకు సంబంధించిన ప్రత్యేక ప్రమాణం 1990లో వెలువడింది. దీని ప్రకారం ప్రతి ప్రయోగశాలకు లిఖితపూర్వకమైన రసాయన భద్రతా ప్రణాళిక ఉండాలి. ఏ పనికి ఏ రక్షణ సామగ్రి ధరించాలో అందులో పేర్కొనాలి.

రక్షణ సోపానంలో స్థానం

వృత్తిపర భద్రతా శాస్త్రంలో రక్షణ చర్యలను ఐదు మెట్లుగా వర్గీకరిస్తారు.

1. తొలగింపు: ప్రమాదకరమైన పదార్థాన్ని లేదా పనిని పూర్తిగా మానివేయడం.
2. ప్రత్యామ్నాయం: దాని స్థానంలో తక్కువ హానికరమైన దానిని వాడడం.
3. సాంకేతిక నియంత్రణ: ధూమాలను బయటకు లాగే ఫ్యూమ్ హుడ్, పేలుడును అడ్డుకునే కవచం మొదలైనవి.
4. పాలనాపరమైన నియంత్రణ: శిక్షణ, లిఖిత పద్ధతులు, ఒంటరిగా పనిచేయకూడదనే నియమం వంటివి.
5. వ్యక్తిగత రక్షణ సామగ్రి.

పై నాలుగు మెట్లూ విఫలమైనపుడు మిగిలేది ఐదవదే కాబట్టి దీనిని చివరి రక్షణ రేఖ అంటారు. చివరిది అంటే అప్రధానమైనది అని అర్థం కాదు. దాని తరువాత శరీరాన్ని కాపాడేది మరేమీ ఉండదని అర్థం.

సామగ్రి రకాలు

కళ్ళకు, ముఖానికి రక్షణ

చూపు కోసం వాడే మామూలు కళ్ళజోడు రక్షణ సామగ్రి కిందకు రాదు. దెబ్బకు పగలని కటకాలు, పక్క కవచాలు ఉన్న రక్షణ కళ్ళద్దాలు ఎగిరివచ్చే ముక్కలను ఆపుతాయి కానీ, పైనుండి చిమ్మే ద్రవాన్ని పూర్తిగా ఆపలేవు. ద్రవాలతో పనిచేసేటపుడు ముఖానికి అంటిపెట్టుకొని ఉండే గాగుల్స్ అవసరం. పేలుడుకు లేదా పెద్ద మొత్తంలో చిందడానికి అవకాశం ఉన్నపుడు గాగుల్స్‌పై ముఖ కవచాన్ని కూడా ధరిస్తారు. ముఖ కవచాన్ని మాత్రమే ధరిస్తే దాని అంచుల కిందుగా ద్రవం కళ్ళలోకి చేరవచ్చు. కంటి రక్షణ సామగ్రికి అమెరికాలో ఆన్సీ జెడ్ 87.1, భారతదేశంలో ఐ.ఎస్. 5983 ప్రమాణాలు ఉన్నాయి.

ప్రయోగశాల కోటు

మోకాళ్ళ వరకు ఉండి, చేతులను మణికట్టు దాకా కప్పే కోటును బొత్తాలన్నీ పెట్టుకొని ధరించాలి. తెలుగునాట కళాశాలల్లో దీనిని "ఆప్రాన్" అని పిలవడం పరిపాటి. నిజానికి ఆప్రాన్ అంటే ముందుభాగాన్ని మాత్రమే కప్పే వస్త్రం. ఆమ్లాలను పెద్ద మొత్తంలో వాడేటపుడు కోటుపై రబ్బరు ఆప్రాన్‌ను ధరిస్తారు.

కోటు ఏ బట్టతో చేసినదనేది ముఖ్యం. పాలిస్టర్ వంటి కృత్రిమ నూలు నిప్పు అంటుకున్నపుడు కరిగి చర్మానికి అతుక్కుపోతుంది. నూలు బట్ట కాలుతుంది కానీ కరగదు. గాలి తగిలితే తనంతట తానే మండే పదార్థాలతో పనిచేసేవారికి నోమెక్స్ వంటి మంటను తట్టుకునే బట్టతో చేసిన కోటు అవసరం. కోటు లోపల ధరించే దుస్తులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

చేతి తొడుగులు

అన్ని రసాయనాలనూ ఆపగల తొడుగు లేదు. పైకి చెక్కుచెదరకుండా కనిపించే తొడుగు గుండా కూడా రసాయన అణువులు లోపలికి చొచ్చుకుపోగలవు. రసాయనం తొడుగుకు ఒకవైపు తగిలినప్పటి నుండి రెండవ వైపు చేరడానికి పట్టే సమయాన్ని కొలిచి, తయారీదారులు పట్టికలుగా ప్రచురిస్తారు. తొడుగును ఎంచుకునే ముందు ఈ పట్టికను చూడటం తప్పనిసరి.

* పలుచని నైట్రైల్ తొడుగులు నేడు అత్యధికంగా వాడుకలో ఉన్నాయి. నూనెలకు, చాలా జలద్రావణాలకు ఇవి అనుకూలం. ఎసిటోన్, డైక్లోరోమీథేన్ వంటి ద్రావణులు వీటిని త్వరగా దాటిపోతాయి.
* లేటెక్స్ తొడుగులు జీవ పదార్థాలకు ఉపయోగపడతాయి. కొందరికి వీటివలన తీవ్రమైన అలర్జీ కలుగుతుంది.
* బ్యూటైల్ రబ్బరు తొడుగులు ఎసిటోన్ వంటి కీటోన్లకు తగినవి.
* అనేక పొరలను కలిపి చేసిన ప్లాస్టిక్ తొడుగులు చాలా ఎక్కువ రసాయనాలను ఆపుతాయి. ఇవి చేతికి సరిగా అమరవు కనుక వీటిపై మరొక తొడుగును వేసుకుంటారు.
* ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. దీనికి వదులుగా ఉండే ఉష్ణనిరోధక తొడుగులు వాడాలి. లోపల ద్రవం పడినా వెంటనే విదిలించి తీసివేయగలగడం కోసమే వదులుగా ఉండాలంటారు.

ఒకసారి వాడి పారవేసే తొడుగులపై రసాయనం చిందితే వెంటనే తీసివేసి, చేతులు కడుక్కుని కొత్తవి వేసుకోవాలి. తొడుగులతో తలుపు పిడులను, టెలిఫోనును, కంప్యూటర్ మీటలను తాకితే, తొడుగులు లేకుండా వాటిని తాకే ఇతరులకు ఆ రసాయనం అంటుతుంది.

శ్వాస రక్షణ

శస్త్రచికిత్సలో వాడే మాస్కు ప్రధానంగా ధరించినవారి తుంపరలు బయటకు రాకుండా ఆపుతుంది. ఎన్-95 రెస్పిరేటర్ గాలిలోని సూక్ష్మ కణాలలో కనీసం 95 శాతాన్ని వడపోస్తుంది. కానీ వాయువులను, ద్రావణుల ఆవిరిని ఇది ఆపలేదు. వాటికి తగిన రసాయన గుళిక అమర్చిన రెస్పిరేటర్ కావాలి. గాలిలో ఆక్సిజన్ తగ్గినచోట వడపోత రెస్పిరేటర్లు ఏవీ పనికిరావు. బిగుతుగా అమరే రెస్పిరేటర్‌ను వాడేముందు అది ముఖానికి సరిపోయిందో లేదో పరీక్షించాలి. గడ్డం ఉన్నవారికి అంచుల వద్ద సందు ఏర్పడి గాలి లోపలికి వస్తుంది.

పాదాలు, సాధారణ దుస్తులు

పాదాన్ని పూర్తిగా కప్పే బూట్లు, కాళ్ళను చీలమండ వరకు కప్పే దుస్తులు ప్రయోగశాలలో కనీస అవసరం. చెప్పులు, సాండల్స్ పనికిరావు. వేలాడే చున్నీ, చీరకొంగు, టై, విరబోసిన జుట్టు మంటకు, తిరిగే యంత్రాలకు చిక్కుతాయి కనుక వాటిని కోటు లోపలికి దోపుకోవాలి లేదా ముడివేసుకోవాలి.

ప్రత్యేక ప్రయోగశాలలు

జీవశాస్త్ర ప్రయోగశాలలను వాటిలో వాడే సూక్ష్మజీవుల ప్రమాద తీవ్రతను బట్టి ఒకటి నుండి నాలుగు వరకు జీవభద్రతా స్థాయిలుగా విభజిస్తారు. మొదటి రెండు స్థాయిలలో కోటు, తొడుగులు, అవసరాన్ని బట్టి కంటి రక్షణ వాడతారు. మూడవ స్థాయిలో ముందువైపు తెరుచుకోని గౌను వంటి రక్షణ దుస్తులు, అవసరమైతే రెస్పిరేటర్ కూడా ధరిస్తారు. నాలుగవ స్థాయిలో బయటినుండి గాలి సరఫరా అయ్యే, శరీరమంతటినీ కప్పే సూటును వాడవచ్చు.

లేజర్ కళ్ళద్దాలు ఒక నిర్దిష్ట తరంగదైర్ఘ్యానికి మాత్రమే పనిచేస్తాయి. ఆకుపచ్చ కాంతిని ఆపేవి పరారుణ కాంతిని ఆపకపోవచ్చు. ఎక్స్-కిరణాలకు సీసపు ఆప్రాన్ ఉపయోగిస్తారు. ఫాస్ఫరస్-32 వంటి శక్తిమంతమైన బీటా కిరణ మూలాలకు మాత్రం ముందుగా సీసం కాక సుమారు ఒక సెంటీమీటరు మందం గల యాక్రిలిక్ పలకను అడ్డు పెడతారు. బీటా కణాలు సీసాన్ని తాకినపుడు ఎక్స్-కిరణాలు వెలువడటమే దీనికి కారణం. దుస్తులకు తగిలించుకునే వికిరణ బ్యాడ్జి శరీరానికి సోకిన మోతాదును కొలుస్తుందే తప్ప వికిరణాన్ని ఆపదు.

గుణపాఠాలు నేర్పిన ప్రమాదాలు

1970, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ: అప్పటికి కొత్తగా అధ్యాపకుడైన బారీ షార్ప్‌లెస్ పని ముగించి, రక్షణ కళ్ళద్దాలు లేకుండా వెళుతూ, ఒక విద్యార్థి గాజు గొట్టాన్ని మంటతో మూసివేయడం చూడడానికి ఆగాడు. అతడు ఆ గొట్టాన్ని ఎత్తి వెలుతురులో చూస్తుండగా, లోపల ద్రవీభవించిన ఆక్సిజన్ వలన అది పేలింది. షార్ప్‌లెస్ ఒక కంటి చూపును శాశ్వతంగా కోల్పోయాడు. తరువాత ఆయన రసాయన శాస్త్రంలో 2001లోను, 2022లోను నోబెల్ బహుమతి పొందాడు.

1996, డార్ట్‌మత్ కళాశాల: లోహాల విషప్రభావాలపై పరిశోధించిన ఆచార్య కారెన్ వెటర్‌హాన్ ఆగస్టు 14న ఫ్యూమ్ హుడ్‌లో పనిచేస్తుండగా కొద్ది చుక్కల డైమిథైల్ మెర్క్యురీ ఆమె లేటెక్స్ తొడుగుపై పడింది. ఆమె అప్పటి నియమాల ప్రకారమే తొడుగులు ధరించింది. కొన్ని నెలల తరువాత నడకలో తడబాటు, మాటలో తేడా కనిపించాయి. 1997 జనవరిలో పాదరస విషం అని నిర్ధారణ అయింది. జూన్ 8న, 48 ఏళ్ళ వయసులో ఆమె మరణించింది. ఈ పదార్థం పలుచని లేటెక్స్‌ను 15 సెకన్లు లేదా అంతకంటే తక్కువ సమయంలోనే దాటుతుందని తరువాతి పరీక్షలలో తేలింది. తొడుగు ధరించడం ఒక్కటే చాలదని, ఆ పదార్థానికి తగిన తొడుగు కావాలని ఈ సంఘటన ప్రపంచానికి తెలియజేసింది.

1997, ఎమొరీ విశ్వవిద్యాలయం: ఈ విశ్వవిద్యాలయానికి చెందిన వానర పరిశోధనా కేంద్రంలో రీసస్ కోతిని తరలిస్తున్న 22 ఏళ్ళ ఉద్యోగిని కంటిలో ఆ జంతువు నుండి వచ్చిన ద్రవం చిందింది. ఆ సమయంలో ఆమె కంటి రక్షణ ధరించలేదు. బి-వైరస్ సోకి ఆమె డిసెంబర్ 10న మరణించింది. ఆ తరువాత కోతులతో పనిచేసేవారి కంటి రక్షణకు సంబంధించిన సూచనలు మరింత కఠినమయ్యాయి.

2008, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్: పరిశోధనా సహాయకురాలు షెహర్బానో సంగ్జీ డిసెంబర్ 29న, గాలి తగిలితే మండే టెర్షియరీ బ్యూటైల్ లిథియంను సిరంజితో తీస్తుండగా సిరంజి ముషలకం ఊడివచ్చింది. ద్రవం చిమ్మి ఆమె దుస్తులు అంటుకున్నాయి. ఆమె ప్రయోగశాల కోటు ధరించలేదు, ఒంటిపై కృత్రిమ నూలు స్వెటర్ ఉంది. తీవ్రమైన కాలిన గాయాలతో 2009 జనవరి 16న, 23 ఏళ్ళ వయసులో ఆమె మరణించింది. రాష్ట్ర భద్రతా సంస్థ విశ్వవిద్యాలయానికి 31,875 డాలర్ల జరిమానా విధించింది. 2011 డిసెంబర్‌లో విశ్వవిద్యాలయ పాలకమండలిపైనా, ఆచార్యునిపైనా క్రిమినల్ అభియోగాలు నమోదయ్యాయి. 2012లో ఒప్పందం ద్వారా పాలకమండలిపై అభియోగాలు ఉపసంహరించబడ్డాయి. ప్రయోగశాల పరిస్థితులకు బాధ్యతను అంగీకరించి, భద్రతా సంస్కరణలు చేపట్టడానికి, ఆమె పేరిట 5 లక్షల డాలర్ల ఉపకారవేతన నిధిని ఏర్పాటు చేయడానికి పాలకమండలి ఒప్పుకుంది. 2014లో ఆచార్యునితో సమాజ సేవతో కూడిన ఒప్పందం కుదిరింది.

2009, చికాగో విశ్వవిద్యాలయం: తీవ్రత తగ్గించిన ప్లేగు బాక్టీరియాపై పనిచేస్తున్న పరిశోధకుడు ఆ వ్యాధితోనే మరణించాడు. అతడు తొడుగులను అన్నివేళలా ధరించేవాడు కాదని విచారణలో తెలిసింది. వ్యాధి అతనికి ఏ మార్గంలో సోకిందో నిర్ధారణ కాలేదు. అతని శరీరంలో ఇనుము అధికంగా చేరే జన్యులోపం ఉన్నట్లు మరణానంతరం తెలిసింది. హానిలేనిదిగా భావించే పదార్థం కూడా కొందరికి ప్రాణాంతకం కావచ్చునని దీనివలన తెలుస్తుంది.

2010, టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం: జనవరి 7న ఒక విద్యార్థి నికెల్ హైడ్రజీన్ పెర్‌క్లోరేట్ అనే పేలుడు పదార్థాన్ని కల్వంలో నూరుతుండగా అది పేలి, మూడు వేళ్ళను కోల్పోయాడు, కంటికి గాయమైంది. 100 మిల్లీగ్రాములకు మించరాదని మౌఖికంగా చెప్పిన పరిమితికి బదులు సుమారు 10 గ్రాములు తయారుచేశారు. నూరడం ముగిసిందని గాగుల్స్ తీసివేసిన విద్యార్థి, మరొక్కసారి కలుపుదామని తిరిగి వచ్చినపుడు వాటిని పెట్టుకోలేదు.

ధరించే, విప్పే క్రమం

జీవ ప్రయోగశాలల్లో సాధారణంగా గౌను, మాస్కు లేదా రెస్పిరేటర్, కళ్ళద్దాలు, తొడుగులు అనే క్రమంలో ధరిస్తారు. విప్పేటపుడు ఎక్కువగా కలుషితమైన తొడుగులతో మొదలుపెట్టి, కళ్ళద్దాలు, గౌను, చివరకు మాస్కు తీస్తారు. తొడుగు బయటి భాగం చర్మానికి తగలకుండా లోపలి వైపు బయటకు వచ్చేలా తిప్పుతూ తీయాలి. ఆ తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కోటును భోజనశాలకు, గ్రంథాలయానికి, వసతిగృహానికి ధరించి వెళ్ళకూడదు. ఇంట్లో ఇతర బట్టలతో కలిపి ఉతకడం కూడా సరికాదు. కోట్లను ఉతికించే ఏర్పాటును సంస్థే చేయాలి.

ధరించకపోవడానికి కారణాలు

నేచర్ పత్రిక 2013లో వెల్లడించిన ఒక సర్వేలో సుమారు 2,400 మంది శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. వారిలో 86 శాతం మంది తమ ప్రయోగశాల సురక్షితమని చెప్పగా, దాదాపు సగం మంది ఏదో ఒక గాయానికి గురైనవారే. తమకు ప్రమాదం జరగదనే నమ్మకం రక్షణ సామగ్రిని పక్కన పెట్టడానికి ఒక ముఖ్య కారణం. ఉక్కపోత, కళ్ళద్దాలపై ఆవిరి పట్టడం, పనిలో తొందర, తగిన కొలతలు దొరకకపోవడం ఇతర కారణాలు. పురుషుల కొలతలతో తయారైన కోట్లు, తొడుగులు స్త్రీలకు వదులుగా ఉండి, అవే ప్రమాదానికి దారితీయవచ్చు. తెలుగు రాష్ట్రాలవంటి వేడి ప్రాంతాలలో గాలి ఆడని గదిలో కోటు ధరించి గంటల తరబడి పనిచేయడం కష్టం. ఈ ఇబ్బందికి పరిష్కారం కోటు తీసివేయడం కాదు, గదికి తగిన వాయుప్రసరణ, శీతలీకరణ ఏర్పాటు చేయడం.

ఆచార్యులు, సందర్శకులు "ఒక్క నిమిషమే కదా" అని కళ్ళద్దాలు లేకుండా లోపలికి వస్తే, విద్యార్థులు కూడా ఆ అలవాటునే నేర్చుకుంటారు. 1970 నాటి ప్రమాదంలో గాయపడినది ఆ సమయంలో తన ప్రయోగం చేస్తున్న వ్యక్తి కాదు, చూడడానికి ఆగిన వ్యక్తి. అందువలన ప్రయోగం చేస్తున్నా చేయకపోయినా, గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ కంటి రక్షణ తప్పనిసరి అని అనేక విశ్వవిద్యాలయాలు నియమం పెట్టాయి.

నిబంధనలు, బాధ్యత

అమెరికాలో రక్షణ సామగ్రి ఖర్చును చాలావరకు యజమానే భరించాలని 2007లో నియమం చేశారు. అయితే అక్కడి వృత్తిపర భద్రతా చట్టం ఉద్యోగులకే వర్తిస్తుంది. వేతనం పొందని విద్యార్థులు దాని పరిధిలోకి రారు. టెక్సస్ ప్రమాదంపై అమెరికా రసాయన భద్రతా మండలి 2011లో వెలువరించిన నివేదిక, ప్రయోగశాల ప్రమాణం రసాయనాల విషప్రభావాలపైనే దృష్టి పెట్టిందని, పేలుడు వంటి భౌతిక ప్రమాదాలను పట్టించుకోలేదని ఎత్తిచూపింది.

భారతదేశంలో ప్రమాదకర సూక్ష్మజీవుల వాడకాన్ని పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో చేసిన నియమాలు నియంత్రిస్తాయి. వీటి ప్రకారం పరిశోధనా సంస్థలలో జీవభద్రతా సంఘాలు ఉండాలి. జీవసాంకేతిక శాఖ 2017లో విడుదల చేసిన మార్గదర్శకాలు ప్రతి జీవభద్రతా స్థాయికి తగిన రక్షణ సామగ్రిని పేర్కొన్నాయి. వికిరణ మూలాల వాడకాన్ని అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షిస్తుంది.

పరిమితులు

2016 మార్చి 16న హవాయి విశ్వవిద్యాలయంలో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన వాయువుల ట్యాంకు పేలి ఒక పరిశోధకురాలు చేతిని కోల్పోయింది. 2018 డిసెంబర్ 5న బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ప్రయోగశాలలో జరిగిన పేలుడులో ఒక పరిశోధకుడు మరణించగా ముగ్గురు గాయపడ్డారు. ఇంతటి పేలుళ్ళను కోటు, కళ్ళద్దాలు ఆపలేవు. ఇటువంటిచోట ప్రయోగపు రూపకల్పనలోనే ప్రమాదాన్ని తొలగించాలి.

అదేవిధంగా రక్షణ సామగ్రి ఉన్నా అత్యవసర ఏర్పాట్లు తప్పనిసరి. కంటిలో రసాయనం పడితే కంటి ప్రక్షాళన ధార వద్ద కనీసం 15 నిమిషాల పాటు కడగాలి. ఆ ధారను, అత్యవసర స్నానపు జల్లును సుమారు 10 సెకన్లలో చేరుకునేంత దూరంలో అమర్చాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడేచోట కాల్షియం గ్లూకొనేట్ జెల్ అందుబాటులో ఉంచాలి. దుస్తులకు నిప్పంటుకున్నపుడు జల్లు కిందకు వెళ్ళాలన్న సంగతి ఆ క్షణంలో తట్టాలంటే ముందుగానే అభ్యాసం చేసి ఉండాలి.

ఇవి కూడా చూడండి

* ఫ్యూమ్ హుడ్
* జీవభద్రతా స్థాయి
* డైమిథైల్ మెర్క్యురీ
* ప్రథమ చికిత్స